చార్జ్ తీసుకునే ముందు

విశాఖపట్నం

చిరంజీవి సింహాద్రికి పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది,

నీకు తహశీల్దారుగా ప్రమోషన్ వచ్చిందని, మన ఊరికి ఆనుకుని ఉన్న మండలానికే వేశారని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం నాన్నా. ఫోన్‌లో నీతో నాలుగు ముక్కలు మాట్లాడాను గానీ నేను చెప్పాలనుకున్నవి ఫోన్‌లో అయ్యేవి కావు. సోమవారం చార్జ్ తీసుకునేలోపు ఈ ఉత్తరం కాస్త నిదానంగా చదువుకో.

నేను మహారాణిపేటలో కలెక్టరేట్‌లో టైపిస్టుగా చేరి, రెవెన్యూలోనే ఒక్కో మెట్టూ ఎక్కి రిటైరైనదాన్ని. ఎంతోమంది అధికారుల దగ్గర పనిచేశాను. వచ్చిన కొత్తలో బంగారంలాంటి వాళ్ళు, కొన్నేళ్ళకి గుర్తుపట్టలేనంతగా మారిపోయారు. వాళ్ళలో చాలామంది లంచాలు తినాలని ఉద్యోగంలో చేరలేదు. నిజాయితీగా చదివి, పరీక్షలు రాసి వచ్చినవాళ్ళే. డబ్బు చివర్లో వస్తుంది రా. దానికి చాలా ముందే మనిషిలో ఇంకోటి చెడిపోయి ఉంటుంది. ఎదుటివాడి టైమ్‌కి విలువ లేదనుకోవడం దగ్గర అది మొదలవుతుందని నా నమ్మకం.

ఒక అధికారి గురించి చెబుతాను, పేరు అనవసరం. ఆయన మా ఆఫీసుకి వచ్చిన కొత్తలో తలుపు బార్లా తెరిచి ఉండేది. ఎవరొచ్చినా నేరుగా లోపలికి వెళ్ళేవారు. "అందర్నీ ఇలా రానిస్తే మీ సీటుకి విలువుండదు సార్" అని ఎవరో చెవిలో వేశారు. తలుపుకి కర్టెన్ వచ్చింది. కర్టెన్ దగ్గర అటెండరు నిలబడ్డాడు. చీటీ రాసి పంపే పద్ధతి వచ్చింది. బయట వరండాలో ఒక చెక్క బెంచీ వేశారు. నా సీటు ఆ రెంటికీ మధ్య ఉండేది కాబట్టి బయట బెంచీ, లోపల ఆయన టేబులూ రెండూ నాకు కనిపించేవి.

ఒకరోజు పద్మనాభం వైపు నుంచి ఒక ముసలాయన వచ్చాడు. చనిపోయిన అన్నగారి భూమి మ్యుటేషన్ పని, అంటే రికార్డుల్లో పేరు మార్పించుకోవడం. కాగితాలన్నీ పాలిథీన్ కవర్‌లో పెట్టి, దాన్ని తువ్వాల్లో చుట్టి పట్టుకున్నాడు. పొద్దున్నుంచి ఆ బెంచీ అంచున కూర్చున్నాడు. లోపల ఆయనేమో పేపరు చదువుకుంటున్నాడు. మధ్యలో పక్క తలుపులోంచి ఒక కాంట్రాక్టరు వచ్చి, కాఫీ తాగి, నవ్వుకుంటూ వెళ్ళాడు. మధ్యాహ్నం దాటాక ముసలాయన్ని పిలిచారు. ఆయన గుమ్మం దగ్గర చెప్పులు విప్పి, పక్కకి సర్ది, చేతులు కట్టుకుని లోపలికి వెళ్ళాడు. ఎవరూ విప్పమనలేదు. ఆ చెప్పులు విప్పడం అధికారి చూశాడు. "అయ్యో, వేసుకు రండి తాతా" అనలేదు. ఆయన ముఖంలో అది నచ్చినట్టే కనిపించింది నాకు. అప్పటికి ఆయన ఎవరి దగ్గరా పైసా ముట్టుకోలేదు, అది నాకు బాగా తెలుసు. కొన్నేళ్ళ తరువాత వేరే ఊళ్ళో ఏసీబీకి దొరికాడని విన్నాను. నోట్లకి పూసే ఫినాఫ్తలీన్ పొడి చేతికి అంటుకుంటే, సోడియం కార్బొనేట్ నీళ్ళలో ముంచగానే గులాబీ రంగు తేలుతుంది చూడు, ఆ గ్లాసు పక్కన కూర్చోబెట్టి ఫొటో వేశారు. ఆఫీసులో అందరూ ఆశ్చర్యపోయారు. నాకు మాత్రం ఆ చెప్పుల జత గుర్తొచ్చింది.

అందుకే నీకు నేను చెప్పే మొదటి పని, రోజులో జనాన్ని కలిసే టైమ్ ఒకటి పెట్టుకుని, ఎవరొచ్చినా సరే ఆ టైమ్‌కి గదిలో ఉండు. నీకు మీటింగ్ పడితే బయటికొచ్చి నువ్వే చెప్పు, అటెండరు చేత చెప్పించకు. వచ్చినవాళ్ళకి కుర్చీ చూపించు. చెప్పులు విప్పబోతే అందరూ వినేలా వద్దను. నీ గదిలో జరిగేది సాయంత్రానికి వీఆర్వోలకి, సర్వేయర్లకి, సచివాలయం పిల్లలకి తెలిసిపోతుంది. నువ్వు రైతుని ఎలా పలకరిస్తే వాళ్ళూ అలాగే పలకరిస్తారు.

మన శాఖలో డబ్బు తీసుకోకుండానే మనిషిని ఏడిపించొచ్చు. దాని పేరు కొర్రీ. ఇవాళ ఒక కాగితం లేదంటారు. అది తెస్తే వచ్చే వారం ఇంకోటి లేదంటారు. మూడోసారికి ఆ మనిషే "ఎంతివ్వాలి బాబూ" అంటాడు. నీ సంతకంతో వెళ్ళే ప్రతి ఫైలులోనూ కొర్రీలన్నీ ఒకేసారి వేయించు, ఒకే కాగితం మీద, తెలుగులో. కుదరదంటే కుదరదనే చెప్పు, కానీ ఎందుకు కుదరదో కారణం రాసి, పైకి అప్పీలు ఎక్కడ వేసుకోవాలో కూడా రాసివ్వు. కారణం రాయాల్సి వచ్చినప్పుడు మనకే తెలుస్తుంది, మనం చట్టం చూసి కాదంటున్నామా, మనసులో కోపంతో కాదంటున్నామా అని.

ఆ కోపం సంగతి కూడా చెప్పాలి. కొన్నాళ్ళకి నీకు "మర్యాద" తగ్గుతున్నట్టు అనిపించడం మొదలవుతుంది. ఫలానావాడు లేచి నిలబడలేదు. ఫలానావాడు ఆర్టీఐ పెట్టాడు, ముప్ఫై రోజుల్లో జవాబివ్వాలట, వాడికెంత ధైర్యం. అలాంటి రోజు ఆ మనిషి ఫైలు ముట్టుకోకు. మర్నాడు చూడు. ఆర్టీఐ పెట్టినవాడి పాసుపుస్తకం తొక్కిపెట్టిన అధికారి, లంచం తిన్నవాడికంటే ఏమాత్రం తక్కువ తప్పు చేయలేదు. చేతికి రంగు అంటదు కాబట్టి దొరకడు, అంతే.

తహశీల్దారంటే మండల మెజిస్ట్రేటు కూడా కదా. బైండోవర్ చేయమని, అంటే గొడవ చేయమని పూచీ రాయించుకోమని, స్టేషన్ నుంచి పేర్ల లిస్టు వస్తుంది. ఇదివరకు 107 సెక్షన్ అనేవాళ్ళం, 2024 జులై నుంచి కొత్త చట్టంలో అది 126. ఆ లిస్టులో నిజంగా గొడవలు చేసేవాళ్ళుంటారు, ఎవరికో అడ్డొచ్చినవాళ్ళూ ఉంటారు. ఎదుట నిలబెట్టి అడగకుండా, ఎస్సైగారు పంపారు కదా అని గంపగుత్తగా సంతకాలు పెట్టకు. 2020 మే 16న మన అక్కయ్యపాలెం దగ్గర హైవే మీద డాక్టర్ సుధాకర్‌ని చేతులు వెనక్కి విరిచి కట్టిన వీడియో నువ్వూ చూసే ఉంటావు. నర్సీపట్నం ఆసుపత్రిలో మత్తు డాక్టరు. మాస్కులు చాలడం లేదని బహిరంగంగా అన్నందుకు అంతకుముందే సస్పెండయ్యాడు. తాగి గొడవ చేశాడని పోలీసులు అన్నారు. అదే నిజమనుకున్నా, చొక్కా లేకుండా రోడ్డు మీద అలా కట్టిపడేసే అధికారం ఏ చట్టంలో ఉంది? హైకోర్టు ఆ నెలలోనే కేసు సీబీఐకి ఇచ్చింది. మరుసటి ఏడు ఆ డాక్టరు గుండెపోటుతో పోయాడు. నన్ను ఇప్పటికీ బాధపెట్టేదేమిటంటే, ఆ రోడ్డు మీద యూనిఫారం వేసుకున్నవాళ్ళు ఒక్కరు కాదు, చాలామంది ఉన్నారు. "ఆగండి" అన్న మాట వీడియోలో నాకు వినిపించలేదు. అధికారంలో ఉన్నవాళ్ళు గుంపుగా ఉన్నప్పుడు ఒకరి తప్పుకి ఇంకొకరు ధైర్యం అవుతారు. నీ ఎదుట అలాంటిది జరిగితే ఆ మాట అనాల్సింది నువ్వే, ఎందుకంటే అక్కడ నీ మాట చెల్లుతుంది.

ఇక ప్రోటోకాల్. ఈ సంగతి నీకు ట్రైనింగ్‌లో ఎవరూ చెప్పి ఉండరు, అందుకే కాస్త ఎక్కువ రాస్తున్నాను. మన ఊరికి వచ్చే పెద్దవాళ్ళు ఎక్కువ. ఎయిర్‌పోర్టులో రిసీవ్ చేసుకోవడం, గెస్ట్‌హౌస్, కార్లు, సింహాచలం దర్శనం, సాయంత్రం బీచ్ రోడ్డు, ఇంకో రోజుంటే అరకు. వాళ్ళతో వచ్చినవాళ్ళకి కూడా ఇవన్నీ. ప్రభుత్వం ఇచ్చే డబ్బు ఏ మూలకీ చాలదు, వచ్చేదీ ఎప్పుడో వస్తుంది. అప్పుడు ఆఫీసులో ఒకరు మెల్లగా అంటారు, "సార్, మనవాళ్ళే తలా కాస్తా సర్దుకుంటారు, మీరు చూడనట్టు ఉండండి చాలు" అని. ఆ వీఆర్వో ఎక్కడినుంచి సర్దుతాడు? అతని జీతమెంతో నీకు తెలుసు. ఊళ్ళోకి వెళ్ళి రైతు దగ్గరే సర్దుతాడు. రైతు దగ్గర తీసుకున్నదాంట్లో ప్రోటోకాల్‌కి పోగా మిగిలింది జేబులో వేసుకుంటాడు. రేపు అతన్ని నువ్వు దండించబోతే "మీ కోసమే కదా సార్" అంటాడు, నీ నోరు పెగలదు. నేను చూసిన మంచి అధికారుల్లో చాలామందిని ముంచింది ఇదే. వాళ్ళు తమ కోసం తీసుకోలేదు, అందుకని తమది తప్పే కాదనుకున్నారు. ఆ అనుకోవడంతోనే గేటు తెరుచుకుంది.

నువ్వు వెళ్ళిన వారంలోనే స్టాఫ్‌ని కూర్చోబెట్టి, నా పేరు మీద ఎవరూ ఎవరి దగ్గరా రూపాయి సర్దడానికి వీల్లేదని చెప్పు. చెప్పి ఊరుకోకు, మెమో ఇచ్చి సంతకాలు తీసుకో. ప్రోటోకాల్ పని వచ్చినప్పుడల్లా ఎంత ఖర్చవుతుందో అంచనా రాసి పైకి పంపు, బిల్లులు పెట్టు, డబ్బు రాకపోతే రాలేదని మళ్ళీ రాయి. రూల్ ప్రకారం ఇవ్వాల్సింది ఇవ్వు, వాళ్ళ బావమరిది అరకు ట్రిప్పు నీ బాధ్యత కాదు. కొందరు మొహం మాడ్చుకుంటారు. మాడ్చుకోనీ.

సింహాచలం పేరు చెప్పాక ఇంకోటి గుర్తొచ్చింది, చందనోత్సవం రోజు స్వామి నిజరూపం చూడటానికి మన చుట్టాలంతా నీకే ఫోన్ చేస్తారు. నేనూ చేయను, మీ అమ్మ చేత కూడా చేయనివ్వను. ఎండలో క్యూలో నిలబడినవాళ్ళ ముందునుంచి మనవాళ్ళని తీసుకెళ్ళడం చిన్న విషయంలాగే కనిపిస్తుంది. "మనవాళ్ళకి ఆ మాత్రం చేయకపోతే ఈ ఉద్యోగం ఎందుకు" అని నీ చెవిలో పడే మొదటి గొంతు బయటివాళ్ళది అవదు, ఇంట్లోవాళ్ళదే అవుతుంది.

పైనుంచి వచ్చే ఫోన్ల గురించి నీకు టెన్షన్ ఉంటుందని నాకు తెలుసు. "ఆ సర్వే నంబరు చూడండి, పెద్దాయన చెప్పమన్నారు" అంటారు. గొడవపడకు, మర్యాదగానే మాట్లాడు. ఫోన్ పెట్టేశాక ఫైలులో నోట్ రాయి, ఫలానా తేదీన ఫలానావారు ఫోన్‌లో ఈ మాట చెప్పారు, రాతపూర్వకంగా ఉత్తర్వులు కోరుతున్నాను అని. టి.ఎస్.ఆర్. సుబ్రమణియన్ కేసులో 2013 అక్టోబరులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది, అధికారులు నోటిమాట ఆదేశాల మీద నడవకూడదు, వాటిని రాతలో పెట్టాలి అని. రాయమంటే పదిలో ఎనిమిది ఫోన్లు అక్కడితో ఆగిపోతాయి. మిగతా రెండింటికి బదిలీ ఉంటుంది. ఉండనీ. లూప్‌లైన్, అంటే ప్రాధాన్యం లేని పోస్టు, అంటూ అందరూ భయపెడతారు గానీ, ఆ పోస్టుల్లో కూడా జీతం ఒకటో తారీఖునే వస్తుంది. మంచి పోస్టు పోతుందన్న భయమే మనిషిని ఎక్కువ వంచుతుంది. అందుకే అప్పు చేసి పెద్ద ఇల్లు, పెద్ద కారు ఇప్పుడే కొనకు. ఈఎంఐలు పెరిగినకొద్దీ ఫోన్‌లో నీ గొంతు తగ్గుతుంది.

భూముల సంగతికి వస్తాను. మన జిల్లాలో రికార్డుల తారుమారు ఆరోపణల మీద 2017లో సిట్ (ప్రత్యేక దర్యాప్తు బృందం) వేశారు, ప్రభుత్వం మారాక 2019లో మళ్ళీ ఇంకో సిట్. మాజీ సైనికుల భూములకిచ్చిన ఎన్‌ఓసీలు (నిరభ్యంతర పత్రాలు), ప్రభుత్వ భూములు ప్రైవేటు పేర్ల మీదకి ఎక్కడం, అన్నీ బయటికొచ్చాయి. ఒకప్పుడు అడంగల్ (ఊరి భూముల లెక్కల పుస్తకం) దిద్దాలంటే సిరా, చేతిరాత కావాలి, దిద్దినట్టు కంటికి కనబడేది. ఇప్పుడు ఆన్‌లైన్ భూరికార్డు వెబ్‌ల్యాండ్‌లో నీ లాగిన్, నీ డిజిటల్ సంతకం కీ చాలు. చాలా ఆఫీసుల్లో ఆ కీ కంప్యూటర్ ఆపరేటర్ డ్రాయర్‌లో ఉంటుంది, సార్‌కి టైమ్ ఉండదు కాబట్టి. నీ కీ నీ జేబులో ఉండాలి. పాస్‌వర్డ్ నీ తలలో ఉండాలి. నువ్వు పెట్టే ప్రతి సంతకానికి వెనక కాగితం నువ్వే చూడాలి. చార్జ్ తీసుకున్న రోజే పాత అధికారి కీ వెనక్కి ఇచ్చారా, ఎవరెవరికి లాగిన్లు ఉన్నాయి అని రాతలో తీసుకో.

పంచగ్రామాల గురించి నీకు వేరే చెప్పక్కర్లేదు, అడివివరం, వేపగుంట, పురుషోత్తపురం, వెంకటాపురం, చీమలాపల్లి. సింహాచలం దేవస్థానం భూములా, తరాలుగా ఉంటున్నవాళ్ళ ఇళ్ళా అన్నది దశాబ్దాలుగా తేలలేదు. అది పూర్తిగా నీ చేతిలో ఉండే వ్యవహారం కాదు. కానీ అక్కడ నేను చూసింది నీకు పనికొస్తుంది. చట్టం స్పష్టంగా ఉన్నచోట అధికారికి పెద్దగా బలం ఉండదు. అవునో కాదో తేలనిచోటే ప్రతి చిన్న ఉద్యోగీ రాజైపోతాడు. వాన కారుతోందని ఒక ముసలమ్మ రేకులు మార్చుకోబోతే, "పర్మిషన్ ఏది" అని బైక్ మీద ఒకడొస్తాడు. పర్మిషన్ ఇవ్వరని ఆమెకీ తెలుసు, అతనికీ తెలుసు. అతను పని ఆపడానికి రాలేదు. రేకులు మారుతాయి, ఆమె చీర కొంగున ముడి మాత్రం ఖాళీ అవుతుంది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు, అక్కడ దేవుడింకా ఏమీ అనకముందే పూజార్లు వసూలు చేసుకున్నారు.

నీ మండలంలో ఇలాంటి తేలని చోట్లు ఎక్కడున్నాయో ముందు వెతుకు. 22ఏ జాబితా, అంటే రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల జాబితా, తీసి చూడు. ఒక సర్వే నంబరులో కొంచెం ప్రభుత్వ భూమి ఉందని నంబరు మొత్తం నిషేధంలో పడిపోయి, కూతురి పెళ్ళికి అరెకరం అమ్ముకోలేక తిరుగుతున్న కుటుంబాలు ఉంటాయి. వాటికి సర్వే చేయించి, సబ్‌డివిజన్ చేసి, జాబితాలోంచి తీయమని కలెక్టరుగారికి ప్రతిపాదన పంపడం నీ పని. వాళ్ళు అడిగేదాకా ఆగకు. తేలని వ్యవహారం తేల్చేసిన ప్రతిసారీ నీ చేతిలోని అధికారం కొంచెం తగ్గుతుంది. అలా తగ్గించుకోవడం ఇష్టం లేని అధికారిని చూస్తే నాకు భయం.

ఎస్.ఆర్. శంకరన్ గారి పేరు విన్నావు కదా. మన రాష్ట్రంలో వెట్టిచాకిరీ పోగొట్టడానికి పాటుపడిన ఐఏఎస్. జీతంలో చాలా భాగం పేదపిల్లల చదువులకి ఇచ్చేవారు, 2005లో పద్మభూషణ్ ఇస్తామన్నా తీసుకోలేదు. మా తరంలో ఆయన పేరు చెబితే చిన్న గుమాస్తా కూడా కుర్చీలో సర్దుకుని కూర్చునేవాడు. అంత పెద్దది నిన్ను చేయమనడం లేదు. అలాంటి మనిషి మన శాఖల్లోనే, ఈ రూల్స్‌తోనే పనిచేశారని గుర్తుంచుకో. ఇక్కడ నిజాయితీగా ఉండటం కుదరదని ఎవరైనా అంటే నమ్మకు.

ఒక మనిషిని ఎంచుకో. నీ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటో, పాత ఆర్‌ఐయో (రెవెన్యూ ఇన్‌స్పెక్టరు), నీ ముఖం మీద "ఇది తప్పు సార్" అనగలిగినవాడు ఒకడుండాలి. మొదటిసారి అతను అలా అన్నప్పుడు నువ్వు విసుక్కుంటే రెండోసారి అనడు, నీకిక ఎవరూ చెప్పరు. సార్ అంటే సార్ అనేవాళ్ళు నీ చుట్టూ పదిమంది ఉంటారు, నువ్వు వేసిన చిన్న జోక్‌కి పెద్దగా నవ్వుతారు. ఆ నవ్వు నీ సీటుకి. నువ్వు ఆదివారం లుంగీ కట్టుకుని రైతుబజార్‌కి వెళ్ళినప్పుడు ఎవరు ఎలా మాట్లాడతారో చూడు, అది నీది.

ఎవరైనా టేబుల్ మీద కవరు పెడితే నెమ్మదిగా వద్దని ఊరుకోకు, స్టాఫ్‌ని పిలిచి అందరి ముందూ తిరిగి ఇప్పించు. అవినీతి నిరోధక చట్టానికి 2018లో చేసిన సవరణ తరువాత లంచం ఇవ్వడం కూడా నేరమే, బలవంతంగా ఇవ్వాల్సి వచ్చినవాడు ఏడు రోజుల్లో ఫిర్యాదు చేస్తే తప్ప. ఈ సంగతి తెలుగులో రాయించి నీ గది బయట అంటించు, కింద ఏసీబీ నంబరుతో సహా. మీ ఆఫీసువాళ్ళకి అది నచ్చకపోవచ్చు. ఆ కాగితం ఎవరైనా చింపితే మళ్ళీ అంటించు.

కవర్లు ఆఫీసుకంటే ఇంటికే ఎక్కువ వస్తాయి. దీపావళికి స్వీట్ బాక్సులు, సంక్రాంతికి బియ్యం బస్తాలు, పాప పుట్టినరోజుకి బంగారు గొలుసు. నువ్వు ఆఫీసులో ఉన్నప్పుడు వస్తాయి, తలుపు తీసేది స్వాతి. మొహమాటపడి తీసుకుందంటే ఆమె తప్పు లేదు, నువ్వు ముందే చెప్పకపోవడం తప్పు. అందుకని స్వాతికి వేరే కాగితం రాసి ఇందులోనే మడిచి పెట్టాను. ఎవరొచ్చి ఏమిస్తే ఏమని చెప్పి పంపాలో అందులో రాశాను. అది నువ్వు చదవకుండా తనకే ఇవ్వు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ